వంటవాళ్ళు గిన్నెలు తెస్తారు, బియ్యం మీవే

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వరి ప్రజననం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇంప్రూవ్డ్ సాంబ మసూరితో సంకరం చేసి స్థిరపరచిన 24 వరుసలు (లైన్లు), వాటి తల్లిదండ్రులు రెండు, మొత్తం 26 నమూనాల జీనోమ్ సీక్వెన్స్ హార్డ్‌డిస్కులో వచ్చింది. ఇంతకాలం ఒక సీనియర్ రాసిపెట్టిన స్క్రిప్టులతోనే మా ల్యాబ్‌లో పని జరిగింది. ఆయన జర్మనీ వెళ్ళిపోయారు. సర్వర్‌లో ఉబుంటు కొత్త వెర్షన్ వేశాక సగం స్క్రిప్టులు ఆగిపోయాయి. ఎలాగో ఒక నమూనాను ల్యాబ్‌లో నడిపి, దాన్నే కంప్యూటింగ్ కేంద్రం క్లస్టర్‌లో కూడా నడిపితే వేరియంట్ల (ప్రామాణిక జీనోమ్‌తో పోలిస్తే కనిపించే తేడాల) సంఖ్య రెండు చోట్లా వేరుగా వచ్చింది. అన్నీ ఒకే కంటెయినర్‌లో పెట్టేస్తే తీరిపోతుందని స్నేహితులు అంటున్నారు. కంటెయినర్లను నడిపే డాకర్ వేయమని అడిగితే కేంద్రంవాళ్ళు కుదరదన్నారు. మా గైడ్‌గారు వచ్చే సమీక్షకు ఫలితాలు కావాలంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: అంకెలు కలవలేదని మీరు కంగారుపడుతున్నారు గానీ, రెండు చోట్ల నడిపి చూడాలని మీకు తోచినందుకే నాకు సంతోషంగా ఉంది. చాలామంది ఒక్కసారి నడిపి, వచ్చిన అంకెను థీసిస్‌లోకి ఎక్కించి, మళ్ళీ దాని మొహం చూడరు. అంకెలు మారడం వింత కూడా కాదు. విశ్లేషణ దశలను వరుసగా నడిపించే నెక్స్ట్‌ఫ్లో అనే పనిముట్టును తయారుచేసిన బార్సిలోనా పరిశోధకులు 2017లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో దీన్నే చూపించారు. ఒకే డేటాను, అవే ప్రోగ్రాములను మ్యాక్ మీద, లినక్స్ మీద నడిపితే జవాబులు కొద్దికొద్దిగా వేరుగా వచ్చాయి. వాళ్ళు తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి కాలా అజార్‌ను తెచ్చే లీష్మేనియా పరాన్నజీవి జీనోమ్. కంటెయినర్లలో పెట్టి నడిపితే ఆ తేడాలు పోయాయి.

ఆ మేరకు మీ స్నేహితుల మాట నిజమే. "పెట్టేస్తే తీరిపోతుంది" అన్న దగ్గరే నాకు పేచీ. పెళ్ళికి వంటవాళ్ళను మాట్లాడుకున్నాం అనుకోండి. గుండిగలు, గరిటెలు, మసాలాలు అన్నీ వాళ్ళే తెచ్చుకుంటారు. మన ఇంట్లో ఏ గిన్నె ఉందో, ఏది లేదో వాళ్ళకు అనవసరం. కంటెయినర్ అంటే అదే. ప్రోగ్రాము, దానికి కావలసిన లైబ్రరీలు అన్నీ ఒక మూటగా వస్తాయి కాబట్టి మీ ఉబుంటు మారినా వాటికి నొప్పి ఉండదు. కానీ పొయ్యి మీదే: కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), ప్రాసెసర్, మెమరీ అన్నీ మీ యంత్రానివే. బియ్యమూ మీవే: రీడ్స్ (సీక్వెన్సర్ చదివిన చిన్న చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఫైళ్ళు, రిఫరెన్స్ జీనోమ్ (పోల్చి చూసే ప్రామాణిక జీనోమ్), నమూనాల పేర్ల పట్టిక, మీరిచ్చే ఆప్షన్లు. రిఫరెన్స్ తప్పయితే ఎంత పకడ్బందీ కంటెయినర్ అయినా ఆ తప్పునే ప్రతిసారీ అచ్చుగుద్దినట్టు ఇస్తుంది.

కాబట్టి కంటెయినర్ల జోలికి వెళ్ళేముందు ఒక పూట ఆ రెండు ఫలితాల మీదే కూర్చోండి. రీడ్స్‌ను జీనోమ్ మీద కుదిర్చే బీడబ్ల్యూఏ, ఆ ఫైళ్ళను సర్దే శామ్‌టూల్స్, వేరియంట్లను గుర్తించే గాట్క్, వీటి వెర్షన్లు రెండు చోట్లా ఏవో రాసుకోండి. వేరుగా ఉంటే సగం జవాబు దొరికినట్టే. వెర్షన్లు ఒకటే అయితే, ఎన్ని థ్రెడ్లతో (ఒకేసారి సాగే పని పాయలతో) నడిపారో చూడండి. బీడబ్ల్యూఏ మెమ్ రీడ్స్‌ను విడతలుగా తీసుకుని, జతలోని రెండు రీడ్స్ మధ్య దూరం ఎంత ఉంటుందో విడతవారీగా అంచనా కడుతుంది. మామూలుగా విడత పరిమాణం థ్రెడ్ల సంఖ్యను బట్టి మారుతుంది. ల్యాబ్‌లో 8 థ్రెడ్లు, క్లస్టర్‌లో 40 అయితే విడతలు మారతాయి, అంచనాలు మారతాయి, కొన్ని రీడ్స్ కుదురుకునే చోటూ మారుతుంది. దీనికి మందు ఒక్క ఆప్షన్: పెద్ద అక్షరం కె ఇచ్చి, విలువ 10 కోట్లని రాయండి. అప్పుడు థ్రెడ్లు ఎన్నయినా విడత ఒకటే. చిన్న అక్షరం కె పెట్టకండి, దాని పని పూర్తిగా వేరు. చూశారా, ఈ తేడాను ఏ కంటెయినరూ సరిచేయదు.

ఇక డాకర్ సంగతి. కంప్యూటింగ్ కేంద్రంవాళ్ళ మీద మీకు కోపం ఉన్నట్టుంది. వాళ్ళ తప్పేమీ లేదు. డాకర్ వెనక ఒక సేవ రూట్ (యంత్రం మీద సర్వాధికారం ఉన్న ఖాతా) అధికారంతో నడుస్తూ ఉంటుంది. డాకర్ వాడే అనుమతి ఇచ్చారంటే యంత్రం తాళాలన్నీ చేతిలో పెట్టినట్టే. వందమంది పంచుకునే క్లస్టర్‌లో అలా ఇవ్వరు, ఇవ్వకూడదు. ఈ చిక్కు కోసమే అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో సింగులారిటీ అనే కంటెయినర్ పనిముట్టు పుట్టింది. 2021లో అది లినక్స్ ఫౌండేషన్ గూటికి చేరి ఆప్‌టైనర్‌గా పేరు మార్చుకుంది. సింగులారిటీ పేరుతోనే ఇంకో శాఖ కూడా సాగుతోంది. ఆప్‌టైనర్‌లో అయితే కంటెయినర్ లోపల కూడా మీరు మీరే, రూట్ కారు. ఇమేజ్, అంటే ఇందాక చెప్పిన మూట, అంతా ఒకే ఫైలుగా ఉంటుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తీసుకెళ్ళవచ్చు. డాకర్ కోసం తయారైన ఇమేజ్‌లను అది నేరుగా దించుకుని తన రూపంలోకి మార్చుకుంటుంది. కేంద్రంవాళ్ళను "డాకర్ ఉందా" అని కాకుండా "ఆప్‌టైనర్ గానీ సింగులారిటీ గానీ ఉందా, ఏ వెర్షన్" అని అడగండి. చాలాచోట్ల అది ఎప్పుడో వేసి ఉంటుంది, అడిగేవాళ్ళే తక్కువ.

ఆప్‌టైనర్‌తో ఒక ఇబ్బంది ముందే చెబుతాను, ఎందుకంటే అది నా వారం రోజులు తినేసింది. డాకర్ మీరు చెప్పిన ఫోల్డర్లనే లోపలికి రానిస్తుంది. ఆప్‌టైనర్ ఉదారంగా మీ హోమ్ ఫోల్డర్‌ను కూడా లోపలికి తెచ్చేస్తుంది. ఎప్పుడో సరదాకి మీ హోమ్‌లో వేసుకున్న పైథాన్ ప్యాకేజీలు ఉంటే, కంటెయినర్ లోపలి పైథాన్ వాటిని చూసి, తనవి వదిలేసి వాటిని పట్టుకునే అవకాశం ఉంది. నా దగ్గర నడిచినది నా విద్యార్థి దగ్గర నడవలేదు. ఇమేజ్ అదే, ఫైలు అదే. చివరికి చూస్తే దొంగ నా హోమ్‌లోనే ఉన్నాడు. హోమ్‌ను లోపలికి తేవద్దనే ఆప్షన్, బయటి ఎన్విరాన్‌మెంట్ విలువలను తుడిచేసే ఆప్షన్ రెండూ ఉన్నాయి. మొదటి రోజు నుంచే పెట్టుకోండి.

అన్నీ ఒకే ఇమేజ్‌లో వేసుకోవాలన్న ఆలోచన మానుకోండి. అందరం మొదట్లో అదే చేస్తాం. ఒక పెద్ద ఇమేజ్‌లో పన్నెండు ప్రోగ్రాములు వేస్తాం. ఆర్నెల్లకు శామ్‌టూల్స్ ఒక్కటి మార్చాలంటే మొత్తం మళ్ళీ కట్టాలి, కట్టాక మిగతా పదకొండూ పాత వెర్షన్లలోనే ఉన్నాయో లేదో చూసుకోవాలి. పనికొక ఇమేజ్ మేలు. వాటిని మీరు కట్టనక్కర్లేదు కూడా. బయోకోండా అనే జీవశాస్త్ర ప్రోగ్రాముల భాండాగారంలో చేరిన ప్రతి ప్యాకేజీకీ బయోకంటెయినర్స్ ప్రాజెక్టు తనంతట తానే ఇమేజ్ తయారుచేసి ఉంచుతుంది. ఫాస్ట్‌క్యూసీ, ఫాస్ట్‌పీ, బీడబ్ల్యూఏ, శామ్‌టూల్స్, బీసీఎఫ్‌టూల్స్, మల్టీక్యూసీ అన్నీ అక్కడున్నాయి. దించుకునేటప్పుడు "లేటెస్ట్" అనే ట్యాగ్‌ను నమ్మవద్దు. అది ఇవాళ ఒక ఇమేజ్‌ను, రేపు ఇంకో ఇమేజ్‌ను చూపిస్తుంది. వెర్షన్, బిల్డ్ సంఖ్య రెండూ ఉన్న ట్యాగ్ తీసుకోండి. ఇంకా గట్టిగా కావాలంటే ఇమేజ్ డైజెస్ట్ రాసిపెట్టుకోండి. లోపలి సరుకును బట్టి లెక్కకట్టిన పొడవాటి సంఖ్య అది. సరుకులో ఒక్క అక్షరం మారినా సంఖ్య మారుతుంది.

ఇప్పుడు ఈ ముక్కలన్నిటినీ వరుసగా నడిపించేది ఒకటి కావాలి. స్నేక్‌మేక్ ఉంది, నెక్స్ట్‌ఫ్లో ఉంది. రెండూ మంచివే, పైథాన్ బాగా వచ్చినవాళ్ళకు స్నేక్‌మేక్ దగ్గరగా అనిపిస్తుంది. మీకు నేను నెక్స్ట్‌ఫ్లోనే చెబుతాను. మీరు రాయాల్సిన పైప్‌లైన్‌ను, అంటే దశల గొలుసును, నెక్స్ట్‌ఫ్లో పైప్‌లైన్లు రాసే ఎన్‌ఎఫ్-కోర్ బృందం ఇప్పటికే రాసి, పరీక్షించి పెట్టింది. దాని పేరు సారెక్. స్వీడన్‌లో పుట్టింది, అక్కడి ఉత్తరాది జాతీయ పార్కు పేరు పెట్టుకుంది. ప్రతి దశకూ ఏ ఇమేజ్ కావాలో అందులో ముందే రాసి ఉంటుంది. సీనియర్ స్క్రిప్టులను బాగుచేస్తూ కూర్చోవడం కంటే ఇది నేర్చుకోవడం తక్కువ శ్రమ. ఆ స్క్రిప్టులను పారేయకండి, ఆయన ఏ ఆప్షన్లు వాడారో తెలుసుకోవడానికి పనికొస్తాయి.

అయితే సారెక్ మనిషి జీనోమ్ కోసం తయారైంది. రిఫరెన్స్ ఏదో మీరు చెప్పకపోతే మనిషిదే తీసుకుంటుంది. వరి రీడ్స్‌ను మనిషి జీనోమ్ మీద అలైన్ చేయడానికి (కుదర్చడానికి) దానికేమీ మొహమాటం ఉండదు. మీ రిఫరెన్స్ ఫైలు మీరే ఇవ్వండి. బేస్ (ఒక్కో డీఎన్‌ఏ అక్షరం) నాణ్యతను మళ్ళీ లెక్కగట్టే దశను ఆపేయండి. దానికి బాగా నిర్ధారించిన వేరియంట్ల జాబితా కావాలి, మనిషికి ఉన్నంత నమ్మకమైనది వరికి లేదు. పైప్‌లైన్ వెర్షన్‌ను కూడా ఆజ్ఞలోనే రాయండి. కంటెయినర్లన్నీ బిగించి, పైప్‌లైన్‌ను మాత్రం గాలికి వదిలేసినవాళ్ళను చాలామందిని చూశాను.

ఇక రిఫరెన్స్. మీ ఉత్తరంలో దీని ఊసే లేదు, నాకు అన్నిటికంటే భయం దీని గురించే. మీరు వాడుతున్నది నిప్పాన్‌బేర్ అనే జపాన్ వరి రకం జీనోమ్ అనుకుంటాను: ఐఆర్‌జీఎస్‌పీ 1.0, 12 క్రోమోజోములు, సుమారు 37 కోట్ల అక్షరాలు. ఇదే అసెంబ్లీ మూడు చోట్ల మూడు పేర్లతో దొరుకుతుంది. ఒకచోట క్రోమోజోమ్ పేరు ఉత్త అంకె, ఇంకోచోట అంకె ముందు "సీహెచ్ఆర్" అని, మరోచోట "సీహెచ్ఆర్" తర్వాత సున్నా పెట్టి అంకె. జన్యువుల పేర్ల పద్ధతులూ వేరు. ఒకచోటి సీక్వెన్స్‌కు ఇంకోచోటి జన్యు పట్టిక జతచేస్తే, అదృష్టం బాగుంటే ప్రోగ్రాము ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. బాగాలేకపోతే ఏ వేరియంటూ ఏ జన్యువులోనూ లేదని నిశ్శబ్దంగా చెబుతుంది. సీక్వెన్స్, పట్టిక రెండూ ఒకేచోట నుంచి దించుకుని, వాటి చెక్‌సమ్ (ఫైలు మారితే మారిపోయే గుర్తు సంఖ్య) రాసి, ఆ ఫోల్డర్‌ను ఎవరూ మార్చలేకుండా చదవడానికి మాత్రమే అనుమతి పెట్టండి.

పేర్ల గొడవ దాటితే అసలు జీవశాస్త్రం ఉంది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఇండికా రకం. నిప్పాన్‌బేర్ జపానికా. దగ్గర చుట్టాలే కానీ ఒక ఇంటివి కావు. నమూనాకు లక్షల్లో తేడాలు కనిపిస్తే బెదరకండి. ఇంకో మెలిక ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఇచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలో బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే జన్యువులు మూడున్నాయి: ఎక్స్ఏ 21, ఎక్స్ఏ 13, ఎక్స్ఏ 5. వీటిలో ఎక్స్ఏ 21 ఆఫ్రికా అడవి వరి ఒరైజా లాంజిస్టామినాటా నుంచి వచ్చింది. నిప్పాన్‌బేర్‌లో అది లేదు. రిఫరెన్స్‌లో లేని జన్యువుకు వేరియంట్ ఎక్కడ కనిపిస్తుంది? దాని నుంచి వచ్చిన రీడ్స్ కొన్ని గాలిలో మిగిలిపోతాయి. కొన్ని 11వ క్రోమోజోమ్ మీద దాన్ని పోలిన బంధువుల మీదకు ఎక్కి కూర్చుంటాయి. అప్పుడు ఆ చోట విషమయుగ్మజ (రెండు ప్రతుల్లో వేర్వేరు అక్షరాలున్న) వేరియంట్లు గుంపుగా పుట్టుకొస్తాయి. మీవి స్వపరాగ సంపర్కంతో స్థిరపడిన వరుసలు కదా, విషమయుగ్మజాలు అంత గుంపుగా ఉండకూడదు. ఎక్కడైనా అలా కనిపిస్తే కొత్త ఆవిష్కరణ అని గైడ్‌గారి దగ్గరకు పరుగెత్తకండి. రీడ్స్ తప్పు చోట కూర్చున్నాయేమోనని ముందు అనుమానించండి. ఎక్స్ఏ 21 సీక్వెన్స్‌ను రిఫరెన్స్ చివర ఒక అదనపు భాగంగా చేర్చి మళ్ళీ అలైన్ చేస్తే ఏ వరుసలో అది ఉందో, ఏ వరుసలో లేదో రీడ్స్ లెక్కతోనే తేలుతుంది. అలా చేర్చిన రిఫరెన్స్‌కు కొత్త పేరు పెట్టండి, పాతదాని మీద రాయకండి.

ఎక్స్ఏ 5 మీకు మంచి పరీక్షాపత్రం. అది 5వ క్రోమోజోమ్ మీద ఉంది. దాని ప్రొటీన్‌లో 39వ అమైనో ఆమ్లం వాలీన్ పోయి గ్లుటామిక్ ఆమ్లం అయింది. కారణం పక్కపక్కనే రెండు అక్షరాల మార్పు, టీసీ బదులు ఏజీ. మీ ఇంప్రూవ్డ్ సాంబ మసూరి నమూనాలో ఈ రెండూ సమయుగ్మజంగా (రెండు ప్రతుల్లోనూ) కనిపించి తీరాలి. కనిపించకపోతే నమూనా మారిపోయిందో, పైప్‌లైన్ ఎక్కడో తప్పిందో అర్థం. కనిపించాక కూడా ఒకటి చూడండి. గాట్క్ వీటిని రెండు విడి వేరియంట్లుగా రాస్తుంది. ప్రభావాన్ని చెప్పే ప్రోగ్రాము వాటిని విడివిడిగా చదివితే, మొదటిది వాలీన్‌ను ఆస్పార్టిక్ ఆమ్లంగా మారుస్తుందని, రెండోది ఏమీ మార్చదని చెబుతుంది. రెండూ తప్పే. జీటీసీ కోడాన్‌ను, అంటే ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాలను, కాగితం మీద రాసి, రెండు మార్పులూ కలిపి చూస్తే జీఏజీ వస్తుంది, అదే గ్లుటామిక్ ఆమ్లం. తమంతట తాము నడిచే పైప్‌లైన్లకు ఇలాంటి చోట తడబాటు సహజం, అందుకే తెలిసిన జన్యువును చేత్తో సరిచూడమంటాను.

మొదలుపెట్టేటప్పుడు 26 నమూనాలూ ఒకేసారి తోయకండి. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి ఒక్కటి తీసుకుని, అందులోంచి 10 లక్షల రీడ్ జతలను ఎంచి, నడుస్తుందో లేదో చూడండి. ఎంచడానికి సెక్‌టీకే వాడితే, జతలోని రెండు ఫైళ్ళకూ ఒకే సీడ్ సంఖ్య (యాదృచ్ఛిక ఎంపిక మొదలయ్యే అంకె) ఇవ్వాలి, లేకపోతే జతలు విడిపోతాయి. పరీక్ష త్వరగా అవుతుందని రిఫరెన్స్‌ను మాత్రం ఒక్క క్రోమోజోమ్‌కు కుదించకండి. మిగతా 11 క్రోమోజోముల రీడ్స్‌కు వేరే చోటు లేక దాని మీదే వాలిపోతాయి. ఆ చిన్న పరీక్షను ల్యాబ్‌లోనూ, క్లస్టర్‌లోనూ నడిపి ఫలితాలను పోల్చండి. రెండు ఫైళ్ళనూ యథాతథంగా పోలిస్తే ఎప్పుడూ తేడా వస్తుంది, పైవరుసల్లో తేదీ, ఆజ్ఞ రాసి ఉంటాయి కనుక. బీసీఎఫ్‌టూల్స్‌లో రెండు జాబితాల ఉమ్మడి, విడి వేరియంట్లను తీసే ఆజ్ఞ ఉంది, దానితో చూడండి. ఇవి కలిశాక, ఆ నమూనానే పూర్తిగా నడిపి ఎక్స్ఏ 5 కోసం వెతకండి.

డిస్కు సంగతి ముందే మాట్లాడుకోవాలి. 30 రెట్ల లోతుతో (ప్రతి అక్షరాన్నీ సగటున 30 సార్లు) చదివించి ఉంటే, ఒక్కో నమూనాకు దాదాపు 1,100 కోట్ల అక్షరాలు, అంటే 150 అక్షరాల రీడ్స్‌లో 3.7 కోట్ల జతలు. కుదించిన ఫైళ్ళే 26కీ కలిపి 200 జీబీ దాటవచ్చు. మధ్యలో పుట్టే ఫైళ్ళు దానికి కొన్ని రెట్లు. నేనైతే ఒకటిన్నర టీబీ అడుగుతాను. ఆప్‌టైనర్ దించుకున్న ఇమేజ్‌ల నిల్వ మామూలుగా మీ హోమ్‌లోనే చేరుతుంది. హోమ్ కోటా నిండి, సంబంధం లేని ఎర్రర్ వచ్చి, మీరు పైప్‌లైన్‌ను తిట్టుకుంటారు. ఆ నిల్వను పెద్ద డిస్కుకు మళ్ళించండి. క్లస్టర్‌లో లెక్కలు చేసే యంత్రాలకు చాలాచోట్ల ఇంటర్నెట్ ఉండదు, కాబట్టి ఇమేజ్‌లన్నీ లాగిన్ యంత్రం నుంచి ముందే దించిపెట్టుకోవాలి.

నెక్స్ట్‌ఫ్లో మధ్యలో పుట్టే ఫైళ్ళన్నీ వర్క్ అనే ఫోల్డర్‌లో ఉంచుతుంది. కరెంటు పోయినా, ఏదో దశ విఫలమైనా "రెజ్యూమ్" అంటే అయిపోయిన దశలను మళ్ళీ చేయకుండా ఆగినచోట నుంచి అందుకుంటుంది. ఆ ఫోల్డర్ బాగా బలిసిపోతుంది. మేము సొంతంగా రాసుకున్న మొదటి పైప్‌లైన్ పూర్తవగానే, ఫలితాల ఫోల్డర్ నిండుగా కనిపిస్తోంది కదా అని నేను వర్క్‌ను తుడిచేశాను. తర్వాత చూస్తే ఫలితాల్లో ఉన్నవన్నీ వర్క్‌లోని ఫైళ్ళకు లింకులు. నాలుగు రోజుల లెక్క ఒక్క ఆజ్ఞతో పోయింది. నెక్స్ట్‌ఫ్లో మామూలుగా లింకులే పెడుతుంది. ఎన్‌ఎఫ్-కోర్ పైప్‌లైన్లు నకలు తీసి పెడతాయి. అయినా తుడిచేముందు ఒక ఫలితం ఫైలును తెరిచి, అది నిజంగా ఫైలో లింకో చూసుకోండి.

మెమరీ గురించి ఒక్క మాట. దశ ఏదైనా 137 అనే సంకేతంతో చస్తే చాలాసార్లు అది మీ డేటా తప్పు కాదు, ఇచ్చిన మెమరీ దాటినందుకు వ్యవస్థే చంపి ఉంటుంది. ఆ దశకు మెమరీ పెంచి రెజ్యూమ్ అనండి.

నమూనాల పట్టికలో పేర్లు మీరే స్వయంగా రాయండి, ఇంకొకరితో రెండుసార్లు సరిచూపించండి. రెండు వరుసలకు ఒకే పేరు పడితే పైప్‌లైన్ వాటిని ఒకే మొక్క అనుకుని కలిపేస్తుంది. 26 జాబితాలను విడివిడిగా తీసి చివర్లో పోల్చవద్దు. ఒకదానిలో వేరియంట్ లేదంటే నిజంగా లేదో, అక్కడ రీడ్స్ పడలేదో తెలియదు. అన్ని నమూనాల వేరియంట్లనూ కలిపి గుర్తించే ఆప్షన్ సారెక్‌లో ఉంది, అది వాడండి.

గైడ్‌గారికి సమీక్షలో 26 నమూనాల అంకెలు చూపించలేకపోవచ్చు. ఒక్క నమూనా, రెండు యంత్రాలు, ఒకే జాబితా, ఆ జాబితాలో ఎక్స్ఏ 5 మార్పులు రెండూ రాసి ఉన్న పంక్తులు చూపించండి. ప్రజననం తెలిసిన మనిషి కాబట్టి దాని విలువ ఆయనకు వెంటనే తెలుస్తుంది. ఎక్స్ఏ 5 కనిపించకపోతే నాకు మళ్ళీ రాయండి. ఈసారి రిఫరెన్స్ ఫైలు మొదటి వరుస, మీరిచ్చిన పూర్తి ఆజ్ఞ కూడా జతచేయండి.